ఇంగ్లీషుకు లొంగని పోర్చుగీసు మాట

అట్లాంటిక్ మహాసముద్రం నడిమధ్య, లిస్బన్‌కు పడమరగా పద్నాలుగు పదిహేను వందల కిలోమీటర్ల దూరాన, అజోర్స్ అని తొమ్మిది దీవులు వున్నాయి. పోర్చుగల్ దేశానివి. అగ్నిపర్వతాలు కక్కిన నేల, పచ్చిక, ఆవులు, తరచూ ముసురు. ఆ దీవుల మగవాళ్ళు మొదట తిమింగలాలు వేటాడే అమెరికా ఓడల్లో కళాసులుగా చేరారు. తరువాత్తరువాత మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూ బెడ్‌ఫర్డ్, ఫాల్ రివర్ అనే వూళ్ళలో బట్టల మిల్లుల్లో కూలికి కుదిరారు. ఇప్పటికీ ఆ వూళ్ళలో పోర్చుగీసు ఇంటిపేర్లు వీధి వీధినా కనిపిస్తాయి.

అట్లా వెళ్ళిన ఒకాయన కాలం చేశాక, ఆయన కూతురు ట్రంకుపెట్టె తెరిచిందనుకోండి. అడుగున దారంతో కట్టిన వుత్తరాల కట్ట. అన్నీ దీవినుంచి నాయనమ్మ రాసినవి. ఆ పిల్లకు ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. లిపి ఒకటే కనుక అక్షరాలు కూడబలుక్కోగలదు గాని అర్థం తెలియదు. ఒక్క సంగతి మాత్రం కనిపెట్టింది. ప్రతి వుత్తరం చివరా, సంతకానికి పైన, ఒకే మాట వుంది: "సౌదాదెస్". కట్ట పట్టుకుని, రెండు భాషలూ వచ్చిన ఒక పెద్దమనిషి దగ్గరకు పోయి "దీని అర్థమేమిటండీ?" అని అడిగింది.

ఆ పెద్దమనిషి కుర్చీలో ఒక్క క్షణం కూర్చుని చూడండి, ఎంత చిక్కో తెలుస్తుంది. "లవ్" అని చెబుదామా అంటే, ఇంగ్లీషు వాళ్ళు ఆ మాటను పుట్టినరోజు కార్డు మీద కూడా రాసి పారేస్తారు. "రిగార్డ్స్" అంటే ఆఫీసు కాగితం వాసన కొడుతుంది. "ఐ మిస్ యూ" అంటే కొంతవరకు నిజమే. కాని వుత్తరం ముగించే తీరు అది కాదు. "లాంగింగ్" అందామా, ఆ ముసలామె నోట కవిత్వం పెట్టినట్లవుతుంది. పాపం, ఆమె రాసింది ఆవు ఈనిన సంగతి, గోడ కూలిన సంగతి, పక్కింటి పిల్ల పెళ్ళి సంగతి. కవిత్వం రాయలేదు.

ఏకవచనంలో ఆ మాట "సౌదాద్". పోర్చుగల్‌లో చివరి అచ్చును మింగేసి అట్లా పలుకుతారు. బ్రెజిల్‌వారు తీరిగ్గా "సౌదాజి" అంటారు. పుట్టుక చూస్తే లాటిన్ భాషలో ఒంటరితనానికి వున్న మాటే దీనికి తల్లి. పాత రాతల్లో "సొయిదాద్" అనీ "సుయిదాద్" అనీ కనిపిస్తుంది. ఆ "సొయి" కాస్తా "సౌ" ఎట్లా అయింది? పోర్చుగీసులో ఆరోగ్యానికీ, నమస్కారం చెప్పడానికీ వున్న మాటలు "సౌ"ను పోలిన ధ్వనితోనే మొదలవుతాయి. వాటి సహవాసంవల్ల ఇదీ అట్లా తిరిగిందని పండితులు చెబుతారు. అంటే ఒంటరితనంలోకి కుశలప్రశ్న వచ్చి చేరిందన్నమాట. వుత్తరం చివర ఈ మాట అంత ఒద్దికగా ఎందుకు కూర్చుంటుందో దీన్నిబట్టి కొంత బోధపడుతుంది.

పోర్చుగీసు మాటలు మనకేమీ కొత్తవి కావు సుమా. చొక్కాకు పెట్టుకునే బొత్తాం, ఇల్లు కట్టే మేస్త్రీ, చర్చిలో పాదిరి, దొడ్డిలోని నూనె పీపా, పళ్ళెంలో కోసిపెట్టిన అనాసపండు—ఇవన్నీ ఆ దేశపు ఓడలతో మన తీరాలకు చేరి, కొన్ని తిన్నగానూ కొన్ని ఇరుగుపొరుగు భాషల మీదుగానూ మన ఇళ్ళల్లోకి నడిచివచ్చిన మాటలే. వస్తువు దిగింది, దానితోపాటు పేరూ దిగింది. "సౌదాద్" మాత్రం దిగలేదు. ఆ కళాసుల గుండెల్లో అది దండిగానే వుండి వుంటుంది. రేవులో దించి లెక్క రాయించే సరుకు కాదు కదా!

ఇంతకీ ఇంత గంభీరమైన మాటను వాళ్ళు ఏ పండగకో పబ్బానికో దాచుకుని వాడతారనుకునేరు. లేదు. మన వంటింట్లో వుప్పులాగా అది రోజూ చేతికి తగులుతూనే వుంటుంది. పరదేశంలో వున్నవాడికి అమ్మ చేతి చారు గుర్తొస్తే సౌదాద్. ఎండాకాలంలో వాన గుర్తొస్తే సౌదాద్. చదువుకున్న బడి, అమ్మేసిన ఇల్లు, ఆ ఇంటి వెనకాల బావి—అన్నిటిమీదా సౌదాద్ వుండవచ్చు. రైలు కదలకముందే, ప్లాట్‌ఫారం మీద నిలబడిన మనిషితో "అప్పుడే నాకు సౌదాద్ పట్టుకుంది" అంటారు.

పదేళ్ళ తరువాత ఇద్దరు స్నేహితులు కలుసుకుంటే ఏమంటారో తెలుసునా? "రా, సౌదాద్ చంపుకుందాం!" అంటారు. ఆ సాయంత్రం పూటకూళ్ళ ఇంట్లో కూర్చుని, వుప్పుచేప కూరతో అన్నం తిని, అర్ధరాత్రిదాకా కబుర్లు చెప్పుకుంటే సౌదాద్ చచ్చినట్లు లెక్క. ఇంగ్లీషు అనువాదకుడు దీన్ని "క్యాచ్ అప్" అని రాసేసి వూరుకుంటాడు. హత్య జరిగిన ఆనవాలే మిగలదు! ఇక చంపుకోవడానికి దారి లేనివాళ్ళు "సౌదాద్‌తో చచ్చిపోతున్నాను" అంటారు. మాట ఒక్కటే, మనిషి దాన్ని చంపనైనా చంపాలి, దాని చేతిలో తాను చావనైనా చావాలి.

బడిపంతులుగారికి బదిలీ అయి, వూరంతా కన్నీళ్ళు పెట్టుకుంటే "ఆయన సౌదాద్ మిగిల్చి వెళ్ళాడు" అంటారు. పీడించుకు తిన్న అధికారి వెళ్ళిపోతే "సౌదాదేమీ మిగల్చలేదు" అంటారు. ఇదే మాటకు ఇంగ్లీషులో మొదటిచోట పెద్దమనిషి తరహా పొగడ్త, రెండోచోట "పీడ విరగడయింది" అనే పక్కా తిట్టు రాయవలసి వస్తుంది. "మీ అమ్మగారికి నా సౌదాద్‌లు చెప్పండి" అంటే మాత్రం మరేమీ కాదు. "మీ అమ్మగారిని అడిగానని చెప్పండి" అనే మన మాటే.

దీనినుంచి "సౌదోజు" అని ఒక విశేషణం పుట్టింది. అది ఇంకా తమాషా అయినది. తలుచుకుని కుమిలేవాడూ సౌదోజే, తలుచుకోబడేదీ సౌదోజే. పోయిన తండ్రిని గురించి చెప్పేటప్పుడు "మా సౌదోజు నాన్నగారు" అంటారు. ఇంగ్లీషులో దీనికి సరిగ్గా అతికే మాట ఏమిటో తెలుసా? "లేట్"! బండి ఆలస్యంగా వచ్చినా లేటే, తండ్రి కన్నుమూసినా లేటే. ఇంగ్లీషువారికి అలవాటైపోయి ఆ మాటలోని పొడితనం తెలియదు గాని, పోర్చుగీసు వుత్తరం పక్కన పెట్టి చూస్తే మనసు చివుక్కుమంటుంది. మనం "కీర్తిశేషులు" అంటాం. కీర్తి మిగిలిందని గౌరవం. వాళ్ళు తమకు ఏం మిగిలిందో చెబుతారు.

1572లో అచ్చయిన మహాకావ్యం "ఉష్ లుజీయదష్"లో కవి కమొయెంష్ ఈ విశేషణాన్ని పొలాలకు తగిలించాడు. 1355లో కోయింబ్రాలో రాజాజ్ఞమీద చంపబడిన ఇనేష్ ద కాస్త్రు కథ చెప్పే ఘట్టమది. మొందేగు నది ఒడ్డున ఆమె తిరుగాడిన పొలాలు సౌదోజు పొలాలు. పొలాలు ఆమెకోసం బెంగపడుతున్నాయా, ఆమె పొలాల్లో నిలబడి ప్రియుడికోసం బెంగపడుతున్నదా, చదివే మనకు ఆ పొలాలను చూసి బెంగ కలుగుతున్నదా? మూలంలో మూడూ ఏకకాలంలో నిజం. అనువాదకుడు మాత్రం ఏదో ఒకదాన్ని పట్టుకుని మిగిలిన రెండింటినీ నదిలో వదిలెయ్యాలి.

బ్రెజిల్‌లో కంపీనాస్ మొదలైన వూళ్ళలో శ్మశానాలకు "సౌదాద్ శ్మశానం" అని పేరు. వూదారంగులో గుండ్రంగా పూసే ఒక తోటపువ్వును కూడా సౌదాద్ అనే పిలుస్తారు. అదే దేశంలో జనవరి 30ని సౌదాద్ దినంగా పాటిస్తారు.

ఇక మన అనువాదకుడి లెక్క చూడండి. శ్మశానానికి ఒక మాట, వుత్తరానికి ఒకటి, చేపల కూరకు ఒకటి, చనిపోయిన తండ్రికి మరొకటి, బదిలీ అయిన పంతులుగారికి ఇంకొకటి. విడివిడిగా చూస్తే ఒక్కటీ తప్పు కాదు. అసలు తంటా అంతా అక్కడే వుంది. పోర్చుగీసు పిల్లవాడు ఈ పూసలన్నీ ఒకే దారంమీద గుచ్చి వుండగా నేర్చుకుంటాడు. నాయనమ్మ వుత్తరం చివర ఆ మాట కనబడినప్పుడు చారు వాసనా, రైలు కూతా, తాతగారి సమాధీ కూడా దానివెంట కాస్త కాస్త కదులుతాయి. ఇంగ్లీషులో పూసలన్నీ వుంటాయి. దారం వుండదు.

ఇంకొక పేచీ వ్యాకరణంలో వుంది. ఇంగ్లీషు "మిస్" అన్న మాట మొదటి అర్థం గురి తప్పడం. బాణం తప్పినా మిస్సే, బండి తప్పినా మిస్సే. "ఐ మిస్ యూ" అన్నప్పుడు చెప్పుకునేది లేమి. పోర్చుగీసువాడు అట్లా అనడు. "నాకు నీ సౌదాద్‌లు వున్నాయి" అంటాడు. అదీ బహువచనంలో! పొలం వుంది, ఆవులున్నాయి, సౌదాద్‌లున్నాయి. మనిషి దగ్గర లేకపోయినా ఆ మనిషి తాలూకు ఆస్తి ఏదో తన దగ్గర వున్నట్లు. లేమిని కలిమిగా చెప్పే ఈ ఒక్క మలుపును ఇంగ్లీషులోకి తేవడం ఏ నిఘంటువు వల్లా కాలేదు.

మన భాషలో దీనికి దగ్గర చుట్టం లేకపోలేదు. "బెంగ". అమ్మమ్మగారింటికి వెళ్ళిన పసివాడికి మూడో రోజుకల్లా బెంగతో జ్వరం వస్తుంది. తల్లి మొహం కనబడగానే మందు లేకుండానే దిగిపోతుంది. కొత్తగా కాపరానికి వెళ్ళిన పిల్ల బెంగ పెట్టుకుంటుంది. ఇంగ్లీషువారికంటే ఈ విషయంలో మనమే పోర్చుగీసువారికి దగ్గర. అయినా తూకం సరిపోదు. వుత్తరం చివర "బెంగలతో, మీ అమ్మ" అని ఎవరమూ రాయం. ఎవరికీ బెంగను కబురుగా పంపం. అన్నిటికంటే ముఖ్యం, బెంగలో తీపి లేదు. అది తీరిపోతే బాగుండునని అందరూ కోరుకుంటారు. సౌదాద్ వున్నవాడు కొంతసేపు దాన్ని తీరనివ్వకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. 17వ శతాబ్దపు పోర్చుగీసు రచయిత ఫ్రాన్సిస్కు మనుయెల్ ద మెలు తన గ్రంథంలో ఈ సంగతే విచారించి, ఇందులో సుఖమూ బాధా విడదీయరానంతగా పెనవేసుకున్నాయని తేల్చాడు.

ఆయనకంటే రెండు శతాబ్దాల ముందే ఒక రాజు ఈ మాట అర్థం తేల్చుకుందామని కూర్చున్నాడు. 1433 మొదలు 1438 దాకా పోర్చుగల్‌ను ఏలిన దువార్తె మహారాజు. చదువుకున్నవాడు, దిగులు మనిషి. రాణి కోరికమీద తన ఆలోచనలన్నీ ఒక పుస్తకంగా కూర్చాడు. "నమ్మకమైన సలహాదారు" అని దాని పేరుకు అర్థం. అందులో ఒక అధ్యాయంలో దుఃఖం, విచారం, అయిష్టం, విసుగు—ఇవన్నీ ఒక్కొక్కటే తీసి వేరుచేసి, చివర "సుయిదాద్" దగ్గరకు వస్తాడు. ఇది వాటిలో ఏదీ కాదనీ, లాటిన్‌లోగాని తనకు తెలిసిన మరే భాషలోగాని దీనికి సాటి మాట లేదనీ రాసుకున్నాడు. ఈ మాటకు అనువాదం లేదన్న ఫిర్యాదుకు అప్పుడే శ్రీకారం చుట్టారన్నమాట.

రాజుగారి సంసారం చూస్తే ఆ విచారణ వట్టి పండిత వినోదం కాదని తోస్తుంది. 1437లో ఆయన సేన మొరాకోలోని టాంజియర్ మీదికి పోయి ఘోరంగా ఓడింది. సేన ప్రాణాలతో బయటపడాలంటే స్యూటా కోటను తిరిగి యిస్తామని ఒప్పుకుని, పూచీగా రాజుగారి కడగొట్టు తమ్ముడు ఫెర్నాందును అప్పగించి వచ్చారు. కోట ఇవ్వాలా, తమ్ముణ్ణి వదులుకోవాలా? సభ తర్జనభర్జన పడింది. కోట ఇవ్వలేదు. పుస్తకం ఒక రూపానికి వచ్చిన రోజుల్లో తమ్ముడు చెరలో వున్నాడు. 1438లో రాజు మహమ్మారి జ్వరంతో పోయాడు. తమ్ముడు 1443లో ఫెజ్ నగరపు చెరసాలలోనే కన్నుమూశాడు. పుస్తకం నాలుగు వందల ఏళ్ళపాటు రాతప్రతిగానే పడివుండి, 1842లో పారిస్‌లో మొదటిసారి అచ్చయింది.

ఆ వంశంలోనే తరువాత సెబస్తియాఁవు అని ఒక పడుచు రాజు వచ్చాడు. అతనూ మొరాకో మీదికే దండెత్తాడు. 1578లో, ఇరవై నాలుగేళ్ళ వయసున, అల్కాసర్ కిబీర్ యుద్ధంలో మాయమయ్యాడు. రెండేళ్ళకు పోర్చుగల్ స్పెయిన్ రాజు చేతికి పోయి, 1640 దాకా ఆ చేతుల్లోనే వుంది. కాని జనం అతను చచ్చిపోయాడంటే నమ్మలేదు. ఒకనాడు మంచు కమ్మిన వుదయాన తిరిగి వస్తాడని తరాలతరబడి ఎదురుచూశారు. ఇక్కడ సౌదాద్ వెనక్కి కాదు, ముందుకు చూస్తున్నది. రాబోయే రాజుమీద, ఇంకా జరగని దానిమీద సౌదాద్! ఇంగ్లీషు "నొస్టాల్జియా"కు మెడ అటు తిరగదు.

"నొస్టాల్జియా" మాట వచ్చింది కనుక దాని జాతకం కూడా చూద్దాం. అది పాత మాట కాదు. 1688లో బాజెల్ నగరంలో యోహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి, పరదేశంలో ఇంటిమీద బెంగతో మంచం పట్టేవాళ్ళ రోగానికి పేరు కావాలని, గ్రీకులో తిరిగిరావడం, నొప్పి అనే రెండు మాటలు అతికించి తయారుచేశాడు. మందుల షాపులో పుట్టిన మాట పెరిగి పెద్దదై, ఇప్పుడు పాత సినిమాలకూ పాత గ్రామఫోను పెట్టెలకూ పరిమితమైంది.

ఇంతవరకు చదివి, పోర్చుగీసువారు తమ మాటను చూసుకుని మురిసిపోతారా అని మీరు అడగవచ్చు. మురవడమా! ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తెయిషైర ద పష్కువాయిష్ అనే కవి, సౌదాదే తమ జాతి ఆత్మ అని దానిమీద ఒక వాదాన్నే లేవదీశాడు. 1912లో పోర్టో నగరంలో దాన్ని గురించి వుపన్యసించాడు. కొద్దికాలానికే, 1914లో, "పోర్చుగీసు సౌదాద్" అనే చిన్న పుస్తకం వెలువడింది. రాసినావిడ కరోలీన మిఖయేలిస్ ద వస్కొన్‌సేలుష్. 1851లో బెర్లిన్‌లో పుట్టి, పోర్చుగీసు పండితుణ్ణి పెళ్ళాడి పోర్టోకు కాపరానికి వచ్చి, ఆ దేశపు విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి పొందిన మొదటి స్త్రీ అయిన విదుషీమణి. ఈ భావం ఇతర జాతులకు తెలియనిదేమీ కాదనీ, స్పానిష్‌లోనూ కటలాన్‌లోనూ తన పుట్టింటి జర్మన్‌లోనూ దీనికి చుట్టాలున్నారనీ ఓపికగా చూపించింది. మెట్టినింటి మాటను అంత ప్రేమగా పరిశీలించి, అంత నిక్కచ్చిగా చెప్పడం ఆవిడకే చెల్లింది. నా ఓటు ఆవిడకే. బాధ ప్రతివారికీ వుంది. ఆ బాధతో వుత్తరం ముగించే మర్యాద అందరికీ లేదు, అంతే తేడా.

2004లో లండన్‌లోని ఒక అనువాద సంస్థ, అనువాదకులను అడిగి, ప్రపంచంలో అన్నిటికంటే మొండి మాటల జాబితా ఒకటి తయారుచేసింది. సౌదాద్‌కు ఏడో స్థానం దక్కింది. దాని పక్కనే మన పొరుగు తమిళం మాట కూడా ఒకటి వుంది. బడి ఎగ్గొట్టేవాడికి సంబంధించినదట! రాజుల బెంగా, బడిదొంగలూ ఒకే బల్లమీద. ఇటువంటి జాబితాలకు ఇవ్వవలసిన విలువ ఎంతో దీన్నిబట్టే తెలుస్తున్నది.

పాటల్లో ఈ మాటకు ఇంగ్లీషు చేసిన అన్యాయం చిత్రమైనది. 1958లో బ్రెజిల్‌లో "షేగ ది సౌదాజి" అనే పాట వచ్చింది. వరుస టామ్ జోబిమ్‌ది, మాటలు వినీసియుస్ ది మొరాయిస్‌వి. "ఇక చాలు సౌదాద్" అని పేరుకు అర్థం. మొదట ఎలిజెతి కార్దోజు రికార్డు మీద వినబడింది. అదే ఏట జువావ్ జిల్బెర్తు తన మెత్తని గొంతుతో, గిటారుతో పాడేసరికి బోసా నోవా అనే కొత్త బాణీకే అది నాంది అయింది. ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు "నో మోర్ బ్లూస్" అని పేరు పెట్టారు. "బ్లూస్" అనేది అమెరికా నల్లవారి కష్టాలలోంచి పుట్టిన గొప్ప మాటే, కాదనను. కాని పేరుతో ఆగలేదు. మూలంలో ప్రియురాలు దూరమై, ఆమె లేక శాంతి లేదని, తిరిగి రమ్మనే వేడుకోలు. ఇంగ్లీషులో పాడేవాడు తానే సంచీ సర్దుకుని సొంత ఇంటికి బయలుదేరుతాడు! మనిషిమీది సౌదాద్ కాస్తా ఇంటిమీది బెంగ అయి కూర్చుంది. వరుసకు ఇంగ్లీషు మాటలు చక్కగా కుదిరాయి. అందుకే ఎవరూ అడగలేదు.

పాట మారినందువల్ల ఎవరి సొమ్మూ పోలేదు లెండి. కాని ఇంకొక పాట వుంది. అక్కడ మాట తప్పితే మనిషి కథే తప్పిపోతుంది.

ఆఫ్రికాకు పడమట, సెనెగల్ తీరానికి ఎదురుగా సముద్రంలో కేప్ వర్డ్ దీవులున్నాయి. పది దీవులు, 1975 జూలై 5న స్వతంత్రం వచ్చేవరకు పోర్చుగల్ ఏలుబడి. వాన చుక్క పడితే పంట, లేకపోతే కరువు. 1940 తరువాతి పదేళ్ళలోనే రెండుసార్లు పెద్ద కరువు వచ్చి, రెండు లక్షలు కూడా లేని జనాభాలో పదుల వేలమంది మరణించారు. మిగిలినవారికి ప్రభుత్వం ఒక దారి చూపించింది. దక్షిణంగా, భూమధ్యరేఖ దగ్గర, సాఁవ్ తొమె దీవిలో కోకో తోటలున్నాయి. కాగితం మీద వేలిముద్ర వేసి ఓడ ఎక్కితే ఒప్పందపు కూలి. ఆ తోటల పేరు మంచిది కాదు. అక్కడి కూలీల బతుకు బానిసల బతుకేనని తేలి, 1909లో ఇంగ్లండులోని కాడ్బరీ మొదలైన చాక్లెట్ కంపెనీలు ఆ దీవి కోకో కొనడం మానుకున్నాయి. అయినా కరువు తరిమితే మనిషి ఏం చేస్తాడు? దశాబ్దాల తరువాత కూడా ఓడలు నిండుతూనే వచ్చాయి. వెళ్ళినవారిలో అక్కడే మట్టిలో కలిసిపోయినవారు ఎందరో.

సాఁవ్ నికొలావ్ దీవివాడు అర్మాందు జెఫెరీను సొవారిష్, 1950ల్లో ఇట్లా సాఁవ్ తొమెకు బయలుదేరినవారిని సాగనంపుతూ ఒక పాట కట్టాడు. ఆ దూరపు దారి నీకు ఎవరు చూపించారని అందులో ప్రశ్న. వుత్తరాల ప్రసక్తి వస్తుంది; రాయడం గురించీ, మరిచిపోవడం గురించీ. పల్లవిలో మళ్ళీ మళ్ళీ వచ్చేది ఒక్క మాటే: "సొదాద్". వాళ్ళ క్రియోల్ భాషలో సౌదాద్‌కు అదే రూపు. 1992లో ఆ దీవుల గాయని సెజారియా ఎవోరా దాన్ని పాడింది. మిందేలు రేవు పట్టణపు మనిషి, మధుశాలల్లో పాడి పొట్ట పోసుకున్నది, వేదికమీదికి చెప్పుల్లేకుండానే వచ్చేది. 2011లో చనిపోయేనాటికి ఆ పాట తెలియని దేశం లేదు. ఆ దీవుల "మోర్న" సంగీతాన్ని 2019లో యునెస్కో మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చింది.

ఇప్పుడు ఈ "సొదాద్" పక్కన ఇంగ్లీషులో ఏం రాస్తారు? తరచు కనబడేది "నొస్టాల్జియా". పాత రోజులు తలుచుకుని కళ్ళు చెమర్చుకునే వ్యాపకం! కోకో తోటలో కత్తి పట్టుకుని నిలబడ్డవాడికి తలుచుకోవడానికి పాత రోజులంటే కరువు రోజులే. "హోమ్‌సిక్‌నెస్" అందామంటే, అది సెలవులు ఇవ్వగానే తగ్గే జబ్బు. ఇతనికి సెలవులు లేవు, తిరుగు ఓడకు డబ్బు లేదు. ఒడ్డున వుండిపోయిన తల్లికీ అదే మాట, ఓడమీద వున్న కొడుక్కూ అదే మాట. ఇంగ్లీషులో మాత్రం ఇల్లు వదిలినవాడికి ఒకటి, ఇంట్లో మిగిలిన మనిషికి వేరొకటి పెట్టాలి. తల్లినీ కొడుకునూ ఓడ ఒకసారి విడదీసింది. తరువాత అనువాదం ఇంకొకసారి విడదీస్తుంది.

ఇంగ్లీషు భాష మొండిదే గాని మూర్ఖురాలు కాదు. మనం బొత్తాన్నీ మేస్త్రీనీ పుచ్చుకున్నట్లే, చివరకు అదీ ఈ మాటను వున్నదున్నట్లు పుచ్చుకుంది. ఇప్పుడు పెద్ద ఇంగ్లీషు నిఘంటువుల్లో "సౌదాద్" అని వెతికితే దొరుకుతుంది. కాకపోతే లోపలికి రానిచ్చింది పట్టుబట్టలు కట్టుకున్న సౌదాద్‌ను. సంగీత విమర్శకులూ యాత్రాగ్రంథకర్తలూ వాడే సౌదాద్‌ను. చంపుకునే సౌదాద్, కబురు పంపే సౌదాద్, చేపల కూరమీది సౌదాద్ ఇంకా అరుగుమీదే నిలబడి వున్నాయి.

న్యూ బెడ్‌ఫర్డ్ పిల్ల మాత్రం ఇంకా ఆ పెద్దమనిషి ఎదురుగా కుర్చీలో కూర్చునే వుంది. నేనే ఆయనయితే వుత్తరాలన్నీ ఇంగ్లీషులోకి దించి, ఆవుల సంగతీ గోడ సంగతీ ఏదీ పోకుండా రాసి, చివరి మాటను మాత్రం ముట్టుకోకుండా వదిలేస్తాను. మొదటి వుత్తరం దగ్గర "ఇదేమిటి, ఇట్లాగే వుంచేశారు?" అని అడుగుతుంది. కట్ట మొత్తం వరసగా చదువుకుని రమ్మంటాను. నలభై వుత్తరాలున్నాయనుకోండి. నలభయ్యోదానికి వచ్చేసరికి మళ్ళీ అడగదు.